రేపల్లె బడిలో రాక్షసబల్లి పన్ను

మా ప్రాంతంలో రాయి దొరకదు. బాపట్లలో మా ఇంటి పునాదికి కావలసిన రాయి కూడా ఎక్కడో కొండల దగ్గర నుంచి లారీలో వచ్చింది. ఎంత తవ్వినా నల్లమన్ను, దాని కింద ఇసక, ఆ కింద ఉప్పునీళ్ళు. అలాంటి చోట పుట్టి పెరిగినదానివి, నీకీ శిలాజాల పిచ్చి ఎలా పట్టుకుందని చాలామంది అడిగారు. ఎమ్మెస్సీ జువాలజీ చదివేటప్పుడు చేసిన ఒక ప్రయాణం వల్ల పట్టుకుంది.

ఎనభైల మొదట్లో మా ప్రొఫెసర్ గారు క్లాసునంతా ఆదిలాబాద్ జిల్లాలో ప్రాణహిత నది ఒడ్డు ఊళ్ళకి తీసుకువెళ్ళారు. ఆ చుట్టుపక్కల వాగుల్లో, చేలల్లో కోట్ల ఏళ్ళ నాటి రాక్షసబల్లుల ఎముకలు బయటపడ్డాయి. రెండో రోజు ఎండిన వాగులో నాకు నల్లగా నిగనిగలాడే చిన్న పన్ను ఒకటి దొరికింది. ఎవరికీ చూపించకుండా రుమాల్లో ముడేసుకుని సాయంత్రం దాకా తిరిగాను. ఆ పన్ను చుట్టూ నా మనసులో ఒక పెద్ద జంతువు పెరిగిపోయింది. దానికి మెడ వచ్చింది, తోక వచ్చింది, అడుగు వేస్తే నేల అదిరింది. బసకి చేరాక ముడి విప్పి సార్ చేతిలో పెట్టాను. ఆయన భూతద్దం తీసి తిప్పితిప్పి చూశారు.

"చేప పన్నమ్మా ఇది," అన్నారు.

నాకు నిజంగా ఏడుపొచ్చింది. ఆయన గమనించారు.

"ఎందుకలా ముఖం పెట్టావు? పొద్దున ఇదేంటో నీకు తెలీదు. ఇప్పుడు తెలిసింది. నీకేం పోయింది?"

ఆ సాయంత్రం అక్కడే లాంతరు ముందు కూర్చోబెట్టి నాకు చూడడం నేర్పారు. రాయిగా మారిన ఎముకని నాలుక చివరికి ఆనిస్తే పట్టుకుంటుంది. మామూలు రాయి పట్టుకోదు. ఎర్రగా కాల్చిన సూది గుచ్చితే ఈమధ్య చచ్చిన జంతువు ఎముక అయితే జుట్టు కాలిన వాసన వస్తుంది; బాగా పాతబడి రాయైపోయినదైతే రాదు. భూతద్దంలో ఎముకకి సన్నని గొట్టాల్లాంటి రంధ్రాలు కనిపిస్తాయి. పన్నుకి పైన మెరిసే గట్టిపొర ఉంటుంది. మాంసం తినే రాక్షసబల్లి పన్నుకైతే చాలావాటికి అంచున రంపానికున్నట్టు నొక్కులుంటాయి. వచ్చేటప్పుడు పనికిరావని పక్కన పడేసిన తునకల్లోంచి ఒక ఎముక ముక్క తీసి, చేప పన్నుతో పాటు నాకిచ్చేశారు.

బాపట్ల వెళ్ళి మా అమ్మకి చూపిస్తే ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది.

"ఎముకలా? ఇంట్లోకా?"

"ఇది ఇప్పుడు ఎముక కాదమ్మా, రాయి."

"రాయైతే ఎముకంటావేంటి?"

రెండిటినీ ఒక అట్టపెట్టెలో పెట్టి వరండాలో ఉంచాను. ఆ పెట్టె నా పెళ్ళయ్యేదాకా అక్కడే ఉంది. సెలవులు దొరికినప్పుడల్లా ఎక్కడెక్కడికో వెళ్ళి ఏరి తెచ్చుకున్నవన్నీ అందులోనే చేరాయి.

తర్వాత తెనాలి కాలేజీలో ఉద్యోగం వచ్చింది. తొంభైల్లో రాక్షసబల్లుల సినిమా ఒకటి మా ఊరి హాళ్ళకి వచ్చాక నా బతుకే మారిపోయింది. అప్పటిదాకా నా బీరువాలో రాళ్ళు చూసి నవ్వినవాళ్ళు ఎముక కనిపిస్తే చాలు సంచీలో వేసుకుని మా గుమ్మం ఎక్కడం మొదలుపెట్టారు. గేదె దవడలు వచ్చాయి, ఒంటె పన్ను వచ్చింది, చెరుకు రసం మిషను పక్కన దొరికిందని ఒక గుండ్రాయి వచ్చింది. అడవులదీవి నుంచి ఒకావిడ గోనెసంచిలో పీటంత ఎముక మోసుకొచ్చింది. వాళ్ళ మావగారు పడవ నడిపే రోజుల్లో ఒడ్డుకి కొట్టుకొచ్చిందట. దాని మీద కూర్చునే వాళ్ళత్త వలలు బాగుచేసేదట. సూది గుచ్చగానే వాసన వచ్చింది. తిమింగలం వెన్నుపూస అది. ఆ మాటే చెప్పాను.

"తిమింగలమా? అంటే మా సముద్రందేగా! సినిమాలో బల్లిదని మావాళ్ళంతా నన్ను బస్సెక్కిచ్చారు తల్లీ," అని పడీపడీ నవ్వి, మజ్జిగ తాగి, మళ్ళీ గోనె భుజానికెత్తుకుంది.

అందరూ ఆవిడలా నవ్వేవాళ్ళు కాదు. కాదని చెప్పగానే చాలామంది ముఖాలు చిన్నబోయేవి. వాగులో నాకు దొరికిన పన్ను గుర్తొచ్చి, నేను వీలైనంత మెత్తగా చెప్పేదాన్ని.

రేపల్లె మాస్టారు వచ్చింది ఆ రోజుల్లోనే, దసరా సెలవులయ్యాక ఒక శనివారం మధ్యాహ్నం. పొడుగ్గా, సన్నగా ఉన్నారు. తెల్లచొక్కా, చంకలో గొడుగు, చేతిలో బిస్కట్ల డబ్బా. అక్కడి మిషను బడిలో సైన్సు చెప్పి రిటైరయ్యారట.

"అమ్మా, పాత ఎముకలు చూసి చెప్పేది మీరేనాండి?"

"నేనేనండి. రండి మాస్టారూ, కూర్చోండి."

ఆయన డబ్బా మూత తీసి దూది పొరలు ఒక్కొక్కటిగా తొలగించారు. లోపల ఇటికరంగు ఇసకరాతి ముద్ద, అందులోంచి పైకి లేచిన పన్ను. మధ్యవేలంత పొడుగు, టీ డికాక్షన్ రంగు, కొద్దిగా వంపు. చూడగానే ఎవరికైనా ఊపిరి ఆగుతుంది.

"మా అమ్మాయి కువైట్‌లో నర్సండి," అన్నారు. "మొన్న సెలవుకొచ్చినప్పుడు తెచ్చింది. వాళ్ళమ్మ పోయాక మేమిద్దరమే. ఇన్నేళ్ళూ బోర్డు మీద సుద్దముక్కతో రాక్షసబల్లి బొమ్మ గీశానండి. పిల్లలు నోరు తెరుచుకుని చూసేవాళ్ళు. కానీ నేను మాత్రం దాని గోరంత ముక్క కూడా చేత్తో ముట్టుకోలేదు. అమ్మాయికది తెలుసు. దాని పలక మీద కూడా గీసిచ్చేవాణ్ణి చిన్నప్పుడు."

"బాగుందండి. ఎక్కడ పెడతారు?"

"పాత విద్యార్థులు బడికి అద్దాల బీరువా చేయించారు. అందులో పెడదామని. పెట్టేముందు తెలిసినవాళ్ళెవరన్నా చూసి ఔనంటే ధైర్యంగా ఉంటుందని వచ్చానమ్మా."

నేను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి భూతద్దం పెట్టాను. పన్ను మొనకేసి సన్నని గీతలున్నాయి, మొన నుంచి నిలువుగా కిందికి దిగుతున్నాయి. కొద్ది దూరంలోనే ఆగిపోయాయి. ఆ కింద ఉన్న భాగానికి గీతలే లేవు. రెండూ కలిసే చోట దారప్పోగంత ఇసక గీత. ముద్దలోకి చూశాను. ఇసక రేణువుల మధ్య ఒక చిన్న గాలిబుడగ గుండ్రంగా గట్టిపడి ఉంది. ఇసకరాతిలో అలాంటి బుడగ ఉండదు. జిగురులో ఉంటుంది.

వెనక్కి తిరిగేసరికి ఆయన నా ముఖం వంకే చూస్తున్నారు.

"చాలా ఏళ్ళు పేపర్లు దిద్దినవాణ్ణమ్మా," అన్నారు మెల్లగా. "ముఖం చూస్తే మార్కులు తెలిసిపోతాయి. చెప్పండి."

"అనుమానంగా ఉంది మాస్టారూ. ఇసకలో జిగురు కలిపి అతికించినట్టుంది. లోపల ఎంత నిజమో విప్పితేగాని తెలీదు. విప్పితే మళ్ళీ ఇంత అందంగా ఉండదు."

ఆయన కాసేపు డబ్బాలో దూదిని సర్దుతూ కూర్చున్నారు.

"విప్పకుండా ఇలాగే బీరువాలో పెట్టేస్తే?"

"పెట్టుకోవచ్చండి. చూసినవాళ్ళెవరూ కనిపెట్టలేరు."

"పిల్లల్లో ఎవడో ఒకడు అడుగుతాడమ్మా. ఇది నిజం రాక్షసబల్లిదేనా మాస్టారూ అని. ఇన్నేళ్ళలో అడగనివాణ్ణి నేను చూళ్ళేదు. అప్పుడు నేనేం చెప్పను?" గొడుగు తీసుకుని లేచారు. "విప్పండి. కానీ నేను పక్కనే ఉంటాను."

మళ్ళీ శనివారం కాలేజీ లేబులో ఇద్దరం కూర్చున్నాం. ముందు ముద్దని గోరువెచ్చని నీళ్ళలో పెట్టాం. అంచులు నానిన బెల్లంలా విడిపోవడం మొదలైంది. ఆయన చొక్కా చేతులు పైకి మడిచి, కుంచె తీసుకుని ఇసకని ఒక వైపుకి ఊడ్చసాగారు. ఆ పని ఆయన చేతికి వెంటనే పట్టుబడింది. నొక్కకుండా, తొందరపడకుండా, మధ్యమధ్య తల వంచి ఊదుతూ చేశారు. ఇసకలోంచి పన్ను మొత్తం బయటికొచ్చాక గాజుపళ్ళెంలో పెట్టి ఎసిటోన్ పోశాను. గోళ్ళరంగు చెరిపే మందు వాసన గదంతా నిండింది. టీ తాగి వచ్చి చూసేసరికి పన్ను మూడు ముక్కలైంది.

మాస్టారు పళ్ళెం మీదికి వంగి, చేతులు వెనక్కి కట్టుకుని చూశారు.

అడుగు ముక్క ఏదో జంతువు ఎముకని అరగదీసి వేరులా చేసింది. అదీ పాతదేగాని పన్ను కాదు. మధ్య ముక్క ఉత్త ఇసక, జిగురు. పైన రంగు పూశారు. మిగిలింది మొన. నా చిటికెన వేలి గోరు కంటే కాస్త పెద్దది. దాన్ని తుడిచి, సూది కాల్చి విరిగిన వైపు గుచ్చాను. వాసన లేదు. భూతద్దంలో పైన మెరిసే గట్టిపొర, దాని లోపల వేరే రంగు పొర చక్కగా విడివిడిగా కనిపించాయి.

"మాస్టారూ, ఇది పన్నే. ఇందులో మోసం లేదు."

"నిజంగానా?" ఆయన భూతద్దం అందుకున్నారు. "రాక్షసబల్లిదేనా?"

అక్కడ నేను ఆగిపోయాను. అంచున రంపపు నొక్కులు లేవు. గుండ్రంగా, నిలువు గీతలతో ఉంది. మొసలి పన్ను కూడా అలాగే ఉంటుంది. నాకు తెలియదని చెప్పాను. పేపర్లు దిద్దడానికి యూనివర్సిటీకి వెళ్ళవలసి ఉంది, మా ప్రొఫెసర్ గారికి చూపిస్తానన్నాను. మాస్టారు తన చేతిరుమాలు తీసి, దాంట్లో మొనని చుట్టి, నా అరచేతిలో పెట్టి వేళ్ళు మూశారు.

ప్రొఫెసర్ గారు అప్పటికి బాగా పెద్దవారైపోయారు గాని భూతద్దం మారలేదు. ఆ ముక్కని చాలాసేపు చూశారు.

"ఉత్తర ఆఫ్రికా ఎడారుల్లో ఇలాంటివి దొరుకుతాయమ్మా. చేపలు తినే ఒకరకం రాక్షసబల్లి ఉండేది. దాని పన్ను మొసలి పన్నుకి బాగా దగ్గరగా ఉంటుంది. నన్నడిగితే రాక్షసబల్లిదే అంటాను. కానీ విరిగిన ముక్క. ఒట్టేసి మాత్రం చెప్పను."

ఆ మాటలు మాస్టారికి స్వయంగా చెప్పాలనిపించి రేపల్లె బండి ఎక్కాను. వేమూరు, భట్టిప్రోలు దాటుతుంటే, ఈ "ఒట్టేసి చెప్పను" అన్నది ఆయనకి ఎలా ఉంటుందోనని గుబులుగా ఉంది. ముందే ఉత్తరం రాయడంతో మాస్టారు స్టేషన్లోనే నిలబడి ఉన్నారు. విన్నాక రెండు చేతులూ జోడించారు. నాకో, ప్రొఫెసర్ గారికో, పైవాడికో తెలియలేదు.

"చాలమ్మా. ఎంతవరకు తెలుసో అంతవరకే రాద్దాం."

అలాగే రాశారు. బీరువాలో మూడు ముక్కలూ వరసగా పెట్టారు. తన గుండ్రటి దస్తూరీతో ఒకదాని పక్కన "ఎముక, పన్ను కాదు", రెండోదాని పక్కన "ఇసక, జిగురు", మూడోదాని పక్కన "రాక్షసబల్లి పన్ను కావచ్చు" అని చీటీలు పెట్టారు. క్రిస్మస్ సెలవుల ముందు నన్ను పిలిస్తే వెళ్ళి చూశాను. పిల్లలు భూతద్దం కోసం తోసుకుంటున్నారు. ఆయన బీరువా తెరిచి, ముక్కలు మూడూ కలిపి పట్టుకుని, అతుకు ఎక్కడుందో మీరే కనిపెట్టండి అంటున్నారు. ఒక ఆడపిల్ల, "ఇక్కడ గీతలు ఆగిపోయినయ్యండీ!" అని అరిచింది. మాస్టారి ముఖంలో వెలుగు చూసి నాకు కడుపు నిండిపోయింది.

వచ్చేటప్పుడు అడిగాను. "అమ్మాయికి రాశారా మాస్టారూ?"

ఆయన చూపు పక్కకి తిప్పుకున్నారు. "రాస్తాలెండి."

రాయలేదు. ఆ సంగతి నాకు మరుసటి ఏడు తెలిసింది.

ఒకరోజు పొద్దున్నే ఎవరో తలుపు కొడితే తీశాను. ముప్ఫై ఏళ్ళ లోపు అమ్మాయి, జుట్టు బిగించి ముడేసుకుంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మా నాన్న పన్ను పగలగొట్టింది మీరేనాండి?"

ఎవరో అర్థమైంది. "లోపలికి రామ్మా, కూర్చో."

"కూర్చోడానికి రాలేదండి."

అయినా లోపలికి వచ్చింది. ముందురోజే కువైట్ నుంచి దిగిందట. నాన్న ఇంట్లో లేకపోతే, తను తెచ్చిన పన్ను అద్దాల బీరువాలో ఎలా ఉందో చూద్దామని నేరుగా బడికి వెళ్ళిందట. అక్కడ అది మూడు ముక్కలై, పక్కన "ఇసక, జిగురు" అని నాన్న చేతిరాతతో కనిపించింది. విప్పింది నేనని బడిలోనే ఎవరో చెప్పారట. రాత్రి ఆయనతో మాట్లాడకుండానే పడుకుని, తెల్లారి మొదటి బండికి తెనాలి వచ్చేసింది.

"వార్డులో మేం రోజూ చెప్తామండి," అంది నిలబడే. "ఏం కాదు, తగ్గిపోతుంది, రేపో ఎల్లుండో ఇంటికెళ్ళిపోతారు అని. తగ్గదని తెలిసినా చెప్తాం. మీరేమో ఒక్క మాట, బాగుంది మాస్టారూ అని, ఆ ఒక్క మాట అనలేకపోయారా? ఒక పెద్దాయన సంతోషం కోసం?"

"ఆయన ముఖం చూసి అలా అందామనే అనిపించింది నాకు. కానీ మీ నాన్నగారు నిజమే చెప్పమని అడిగారమ్మా. విప్పేటప్పుడు నా పక్కనే కూర్చున్నారు. ఇసకంతా ఊడ్చింది ఆయన చెయ్యే."

ఆ మాటకి ఆ అమ్మాయి కుర్చీలో కూలబడి ఏడ్చేసింది. నేను మంచినీళ్ళు తెచ్చిచ్చాను. కాస్త తెరిపిన పడ్డాక చెప్పింది. అక్కడ శుక్రవారం పూట పెద్ద సంత జరుగుతుందట. డ్యూటీ లేని రోజు స్నేహితురాలితో వెళ్తే, నేలమీద చాప వేసుకుని ఒక సూడాన్ ముసలాయన రంగురాళ్ళూ, పూసలూ, వాటి మధ్య ఈ పళ్ళూ పెట్టుకుని కూర్చున్నాడు.

"చేతిలోకి తీసుకోగానే నా పలక గుర్తొచ్చిందండి. నాన్న బొమ్మ గీసి, తోక మాత్రం నన్ను గియ్యమనేవాడు. బేరం కూడా ఆడలేదు. అక్కడికెళ్ళినప్పటి నుంచి నాన్నకి చొక్కాలూ వాచీలూ తెచ్చాను. అన్నీ బీరువాలో పెట్టేస్తాడు. ఇదొక్కటే చేతిలోంచి దించలేదు."

నా బీరువాలోంచి చేప పన్ను తీసి ఆమె అరచేతిలో పెట్టాను.

"ఇదేంటో చెప్పు చూద్దాం."

తిప్పి చూసింది. "రాక్షసబల్లిదా?"

"నేనూ అలాగే అనుకున్నాను. దీన్ని రుమాల్లో ముడేసుకుని రోజంతా మురిసిపోయాను. చేపది."

"చేపదా!" అంది. ఏడుపులోంచే నవ్వొచ్చింది ఆ పిల్లకి. పమిట కొంగుతో ముఖం తుడుచుకుంది. "మరి మీరేం చేశారు?"

"నేనూ ఏడ్చాను."

కాఫీ తాగుతుండగా గేటు చప్పుడైంది. గొడుగుతో మాస్టారు. తరవాతి బండికి వచ్చేసినట్టున్నారు. గుమ్మంలోనే ఆగి కూతురి వంక చూశారు.

"ఇక్కడే ఉంటావనుకున్నా," అన్నారు.

"నాకెందుకు రాయలేదు నాన్నా?"

"బాధపడతావని."

"ఇప్పుడు పడలేదా మరి? బడంతా చూస్తుంటే నా పేరు పెట్టి మరీ 'కానుక' అని రాశావు. నకిలీ సరుక్కి నా పేరు!"

"పేరు ఎక్కడ పెట్టానో చూడలేదా నువ్వు?"

ఏడుస్తూ చూసినదానికి అదేమీ కనిపించి ఉండదు.

"మొన పక్కన పెట్టాను. నిజమైన ముక్క పక్కన." ఆయన వచ్చి కూతురి ఎదురుగా కూర్చున్నారు. గొడుగు ఒళ్ళో పెట్టుకున్నారు. "నీకు ఇంకో సంగతి కూడా రాయలేదమ్మా. రిటైరయ్యాక నాకు పొద్దు గడవలేదు. సాయంత్రం బడి వదిలే వేళకి వెళ్ళి గేటు దగ్గర అరుగు మీద కూచునేవాణ్ణి. పిల్లలు వెళ్తూ వెళ్తూ నమస్కారం మాస్టారూ అంటారు గదా, దానికోసం. కొన్నాళ్ళకి కొత్తగా చేరిన పిల్లలు ఎవరీ తాత అని చూడ్డం మొదలెట్టారు. అప్పటికీ మానలేదు."

"నాన్నా..."

"ఆ పన్ను అలాగే బీరువాలో పెట్టుంటే ఒకసారి చూసి, బాగుందని వెళ్ళిపోయేవాళ్ళు. ఇప్పుడు హెడ్‌మాస్టరు గారు వారానికి రెండు పీరియడ్లు నాకిచ్చారు. పిల్లలు ఇంటి నుంచి రాళ్ళు తెస్తారు, గవ్వలు తెస్తారు, ఇది నిజమా, అది అబద్ధమా అని నా ప్రాణం తీస్తారు. మళ్ళీ సుద్దముక్క పట్టుకున్నానే. అదంతా నువ్వు తెచ్చినదాని వల్లే. నకిలీ అంటావేంటి?"

ఆమె లేచి వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది. భుజం మీద తల ఆనించింది. నేను వంటింట్లోకి వెళ్ళి అవసరం లేని గిన్నెలు కడిగాను.

భోజనానికి ఉండమన్నాను. వంకాయ కూర, గోంగూర పచ్చడి, పప్పుచారు. మాస్టారు తింటూ, విప్పిన రోజు ముచ్చట్లన్నీ కూతురికి చెప్పారు. ఎసిటోన్ వాసనకి తలనొప్పి వచ్చిన సంగతీ, ఇంటికెళ్ళేదాకా గోళ్ళలో ఎర్ర ఇసక ఉన్న సంగతీ. ఆమె శ్రద్ధగా వింది. మధ్యలో ముద్ద ఆపి నా వంక చూసింది.

"అయినా అక్కా, ముందు ఎక్స్‌రే తీయించొచ్చు గదా? అతుకులుంటే పగలగొట్టకుండానే కనపడేవిగా."

నేనూ మాస్టారూ ముఖాలు చూసుకున్నాం. ఇద్దరం సైన్సు చెప్పినవాళ్ళమే. ఇద్దరికీ తట్టలేదు.

"తట్టలేదమ్మా," అన్నాను.

"అదే నన్నడిగుంటే చెప్పేదాన్ని," అంది. ఆ రోజు మొదటిసారి హాయిగా నవ్వింది. మాస్టారు కూతుర్ని చూసి, గర్వంగా తల ఊపి, ఇంకాస్త పచ్చడి వేయించుకున్నారు. తర్వాతి రోజుల్లో అనుమానమున్న ముక్క వచ్చినప్పుడల్లా నేను మా వీధిలోని ఎక్స్‌రే ఆయన దగ్గరికి పట్టుకెళ్ళేదాన్ని. పేషెంటు ఎవరండి అని ఆయన ప్రతిసారీ అడిగేవాడు.

ఆ అమ్మాయి సెలవున్నన్నాళ్ళూ నాన్న పీరియడ్లకి వెళ్ళి కూర్చుని, అది అయిపోయాక వెళ్ళిపోయింది. మళ్ళీ సెలవుకి వచ్చినప్పుడు తెనాలి స్టేషన్లో కలిశాను. నేను బాపట్ల వెళ్ళడానికి ప్లాట్‌ఫారం మీద నిలబడితే, తను మద్రాసు మెయిలు దిగి రేపల్లె బండి కోసం చూస్తోంది. పెట్టెల మీద కూర్చుని ఆ సంత సంగతి చెప్పింది.

కువైట్ వెళ్ళిన మొదటి శుక్రవారమే పోట్లాడదామని సంతకి వెళ్ళిందట. ముసలాయన అదే చోట, అదే చాప మీద ఉన్నాడు. వచ్చీరాని అరబ్బీలో, నువ్వు నాకు అబద్ధం అమ్మావు అంది. ఆయన తెల్లబోయాడు. అన్నీ నిజమైనవే, ఎడారిలో తవ్వినవాళ్ళ దగ్గర తెచ్చానని ఒక మనిషి చెప్పి అమ్మాడని అన్నాడు. అప్పుడు ఈ అమ్మాయి తన సంచిలోంచి గోళ్ళరంగు చెరిపే మందు సీసా తీసింది. దూదికి అద్ది, చాప మీద ఉన్న ఒక పన్నుకి రుద్దింది. దూదికి రంగు అంటింది, కింద ఇసక రాలింది.

"ఆయనకీ తెలీదక్కా," అంది నాతో. "ఆ దూది నా చేతిలోంచి తీసుకుని తిప్పితిప్పి చూశాడు. నాకు కోపమంతా పోయింది. మిగతావి కూడా చూద్దామన్నాడు. ఇద్దరం కూచుని ఒక్కోటీ చూశాం. గీతలు ఎక్కడ ఆగుతున్నయ్యో, బుడగలు ఎక్కడున్నయ్యో నేను చూపించాను. చాలా వరకు పోయినయ్యి. రెండు మాత్రం నిలిచినయ్యి. ఆ రెండూ పక్కన పెట్టుకుని, మిగతావి గుడ్డలో మూటకట్టి, ఇక ఇవి అమ్మనన్నాడు."

"నిజంగా అమ్మడంటావా?"

"ఏమో అక్కా. తరవాత వెళ్ళినప్పుడు చాప మీద పూసలే ఉన్నయ్యి."

రేపల్లె బండి ప్లాట్‌ఫారం మీదికి వచ్చింది. ఆమె పెట్టె ఎత్తుకుంటూ, ఒక మాట మరిచిపోయినట్టు ఆగింది.

"టీ తెప్పించాడక్కా నాకు. తాగుతుంటే అడిగాడు, ఇవన్నీ చూడ్డం నీకెవరు నేర్పారు, ఏ కాలేజీలో చదివావు అని. మా నాన్న నేర్పాడని చెప్పాను. ఆయన ఏం చేస్తాడన్నాడు. బడిలో సైన్సు చెప్తాడన్నాను."

చెప్తూ చెప్తూ బండి ఎక్కేసింది. కిటికీలోంచి చెయ్యి ఊపింది. బండి మెల్లగా కదిలి వేమూరు వైపు వెళ్ళిపోయింది. నేను నా బండి కోసం నిలబడ్డాను.